మన బట్ట బాగానే ఉంది, మరి గోడౌన్‌లోనే ఎందుకు ఆగిపోయింది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక కాగితంతో మొదలుపెడతాను. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ఇదొక ల్యాబ్ రిపోర్టు. పేర్లూ నంబర్లూ బ్లర్ చేశాను. కింద కుడి వైపు చూడండి, "ఫెయిల్" అని ఉంది. ఆ ఒక్క మాట వల్ల 1,200 స్టోల్స్ చెన్నైలో ఒక గోడౌన్‌లో ఆగిపోయాయి. అవి మా మావయ్య యూనిట్‌లో అద్దినవి.

మావయ్యది పెడన. కృష్ణా జిల్లా, మచిలీపట్నం పక్కనే. కలంకారీ అద్దకం పని. టేకు చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద వేసి, పైన చేత్తో ఒక్క దెబ్బ కొడతారు. ఆ టక్ టక్ శబ్దం వింటూనే నేను వేసవి సెలవులన్నీ గడిపాను. తర్వాత బీటెక్, హైదరాబాద్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు ఈ వీడియోలు. మావయ్య మాత్రం అక్కడే ఉన్నాడు. ఎనిమిది మంది పనివాళ్ళు, ఒక రేకుల షెడ్డు, కాలవ పక్కన గుడ్డలు ఆరేసే స్థలం. అంతే యూనిట్.

పోయినేడాది చెన్నైలో ఒక ఎక్స్‌పోర్టర్ ద్వారా జర్మనీ ఆర్డరు వచ్చింది. మావయ్య జీవితంలో అదే పెద్దది. అడ్వాన్స్‌తో గుడ్డ కొన్నాడు, మిగతాది వడ్డీకి తెచ్చాడు. రెండు నెలల్లో పని అయిపోయింది. సరుకు చెన్నై వెళ్ళింది. బయ్యర్ చెప్పిన ల్యాబ్‌కి శాంపిల్స్ వెళ్ళాయి. పది రోజులకి ఈ కాగితం వచ్చింది.

అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "అల్లుడూ, గుడ్డ చిరగలేదు, రంగు పోలేదు, డిజైన్ తప్పు లేదు. మరి ఫెయిల్ అంటారేంట్రా? ఆ ఇంగ్లీషు నాకు అర్థం కావట్లేదు, కాస్త చదివి చెప్పు" అన్నాడు. నేను చదివాను. నాకూ అర్థం కాలేదు. అందుకే ఈ ఎపిసోడ్. ఆ రాత్రి మావయ్యకి చెప్పలేకపోయింది ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నా.

ముందు ఒక మాట తెలుసుకుందాం. ఒక దేశం తన మార్కెట్‌లోకి వచ్చే సరుకుని రెండు రకాలుగా ఆపగలదు. ఒకటి డబ్బుతో, అంటే సుంకం. గేటు దగ్గర టోల్ కట్టి లోపలికి పోవడం లాంటిది. రెండోది రూల్‌తో. "ఈ రసాయనం ఇంతకు మించి ఉండకూడదు, ఈ లేబుల్ ఈ భాషలో ఉండాలి, ఈ టెస్ట్ రిపోర్టు కావాలి" అంటుంది. దీన్నే టెక్నికల్ బ్యారియర్ అంటారు, మన మాటల్లో సాంకేతిక అడ్డంకి. టోల్ ఎంతో ముందే తెలుస్తుంది. కానీ ఈ రెండో గేటు దగ్గర మీ దగ్గర ఏ కాగితం లేదో చాలాసార్లు అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.

బట్టల మీద ఇలాంటి రూల్స్ ఎలా ఉంటాయో నాలుగు చూపిస్తాను. అమెరికాలో చిన్న పిల్లల జాకెట్‌కి హుడ్ దగ్గర, మెడ దగ్గర లాగి కట్టే తాడు ఉండకూడదు. ఎందుకంటే ఆ తాడు జారుడు బల్లకో బస్సు తలుపుకో చిక్కుకుని పిల్లలు చనిపోయారు. జపాన్‌లో రెండేళ్ళ లోపు పిల్లల బట్టల్లో ఫార్మాల్డిహైడ్ 16 పీపీఎం దాటకూడదు. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. బట్ట ముడతలు పడకుండా వేసే ఫినిషింగ్‌లో ఈ రసాయనం ఉంటుంది. యూరప్‌లో బట్టలో ఏ నూలు ఎంత శాతం ఉందో లేబుల్ మీద రాయాలి, అదీ అమ్మే దేశం భాషలో. నాలుగోది 2021 ఫిబ్రవరి నుంచి యూరప్‌లో అమల్లోకి వచ్చింది. నానైల్ఫినాల్ ఇథాక్సిలేట్ అని ఒక సబ్బు లాంటి పదార్థం, ఉతికే బట్టల్లో బరువులో 0.01 శాతానికి మించకూడదు. మన మిల్లులో గుడ్డ శుభ్రం చేయడానికి అది వాడతారు. ఎవరో బెర్లిన్‌లో ఆ చొక్కా ఉతికినప్పుడు అది వాళ్ళ నదిలోకి పోతుంది, చేపలకి హాని చేస్తుంది.

గమనించారా, వీటిలో ఏదీ చూడగానే అన్యాయం అనిపించదు. పిల్లల ప్రాణం, నది నీళ్ళు. ఎవరు కాదంటారు? ఇక్కడే ఈ సబ్జెక్ట్ కష్టం. వినడానికి అన్నీ మంచి రూల్సే, కానీ మా మావయ్య లాంటి వాడి మీద గోడ పడినట్టు పడతాయి. రెండూ నిజమే. ఎలాగో చూద్దాం.

మావయ్య రిపోర్టులో ఫెయిల్ అయింది అజో రంగు. అజో అంటే ఏమిటి? రెండు నత్రజని పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, అటూ ఇటూ కార్బన్ ఉంగరాలు మోస్తుంటాయి. ఆ అమరిక ఉన్న రంగుల కుటుంబం పేరు అజో. ఎరుపు, పసుపు, నారింజ, నలుపు, అన్నీ ఉంటాయి ఇందులో. ప్రపంచంలో వాడే కృత్రిమ రంగుల్లో సగానికి పైగా ఈ కుటుంబమే. మీరు ఇప్పుడు వేసుకున్న టీషర్ట్‌లో కూడా ఉండొచ్చు. భయపడకండి, ఎక్కువ శాతం అజో రంగులతో ఇబ్బంది లేదు. కొన్నిటిలో మాత్రం ఆ నత్రజని ముడి తెగితే ఆరోమాటిక్ అమీన్లు అనే పదార్థాలు బయటపడతాయి. ఆ ముడి మన పేగుల్లో, చర్మం మీద ఉండే బ్యాక్టీరియా వల్ల కూడా తెగగలదు. ఆ అమీన్లలో కొన్ని క్యాన్సర్ కలిగిస్తాయి.

ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1895లోనే జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్ వస్తోందని బయటపెట్టాడు. వందేళ్ళ తర్వాత, 1994లో అదే జర్మనీ ఒంటికి తగిలే బట్టల్లో అలాంటి అజో రంగులు ఉండకూడదని చట్టం చేసింది. మన దేశంలో ఎక్స్‌పోర్టర్లందరూ ఉలిక్కిపడ్డారు, ఎందుకంటే జర్మనీ మనకి పెద్ద మార్కెట్. మన ప్రభుత్వం కూడా 1993లో 42 బెంజిడిన్ రంగుల్ని, 1997లో ఇంకో 70 అజో రంగుల్ని, మొత్తం 112 రంగుల్ని నిషేధించింది. 2002లో జర్మనీ రూలు యూరోపియన్ యూనియన్ మొత్తానికి వచ్చింది. 22 అమీన్ల జాబితా పెట్టారు. ఒక్కోటి కిలో గుడ్డకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 మిల్లీగ్రాములంటే చిటికెడు ఉప్పులో పదో వంతు అనుకోండి. చైనాలో అయితే ఇంకా తక్కువ, 20.

టెస్ట్ ఎలా చేస్తారో కూడా చెప్తా, నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. గుడ్డని చిన్న ముక్కలుగా కత్తిరిస్తారు. ఒక ద్రావణంలో 70 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. అందులో సోడియం డైథయోనైట్ కలుపుతారు. అది నత్రజని ముడిని కావాలనే తెంపేస్తుంది. ఒంట్లో జరగగలిగేదాన్ని ముందుగా సీసాలో జరిపించి చూడటమన్నమాట. తర్వాత బయటికొచ్చిన అమీన్లని మెషీన్‌లో కొలుస్తారు. ఖర్చు తగ్గడానికి చాలాసార్లు మూడు రంగుల ముక్కలు కలిపి ఒకేసారి చూస్తారు. ఏదైనా తగిలితే అప్పుడు విడివిడిగా చూస్తారు.

మావయ్య స్టోల్‌లో నలుపు పాస్. అది ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి చేసే పాత పద్ధతి నలుపు. పసుపు పాస్. ఎరుపు ఫెయిల్. 30 ఉండాల్సిన చోట 70 దాటింది.

నేను పెడన వెళ్ళి అడిగాను. "మావయ్యా, ఈ ఎరుపు ఎక్కడ కొన్నావు?" కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, పటిక పెట్టి, ఉడకబెట్టి తీసే ఎరుపుకి రోజులు పడుతుంది. మబ్బు పడితే ఇంకా ఆలస్యం. ఆర్డరు గడువు దగ్గర పడింది. రంగుల షాపులో అడిగితే సంచిలోంచి తూచి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇచ్చారు. "ఎర్ర పొడి, రెండు కిలోలు" అని బిల్లు. పేరు లేదు, కంపెనీ లేదు, బ్యాచ్ నంబర్ లేదు. దేశంలో నిషేధం ఉంది కదా అని నేననుకున్నా. నిషేధం గెజిట్‌లో ఉంది. ఆ కవరు మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.

సరుకు క్యాన్సిల్ అయింది. స్టోల్స్ ఇక్కడ ఎగ్జిబిషన్లలో అమ్ముదామన్నారు ఎవరో. నేను వద్దన్నాను, మావయ్య కూడా వద్దన్నాడు. అక్కడి వాళ్ళకి పనికిరానిది ఇక్కడి వాళ్ళ మెడకి ఎలా చుడతాం? మూడు లక్షల ఎనభై వేలు పోయాయి. వడ్డీ ఇంకా కడుతున్నాడు.

ఇక్కడ మీకు కోపం రావాలి. నాకూ వచ్చింది. కానీ ఎవరి మీద అన్నదే ప్రశ్న. కామెంట్స్‌లో ఏం వస్తుందో నాకు ముందే తెలుసు: "తెల్లోళ్ళు మన బట్టని తొక్కేయడానికే ఇవన్నీ పెడతారు బ్రో." ఆ మాట వెనక చరిత్ర ఉంది, కాదనను. మచిలీపట్నం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకి ఒకప్పుడు యూరప్ అంతా పిచ్చెక్కిపోయింది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్స్ ఆ బట్టల్ని నిషేధించింది. 1700లో ఇంగ్లండ్ పార్లమెంటు దిగుమతి ఆపే చట్టం చేసింది, 1721లో ఇంకా బిగించింది. అప్పుడు క్యాన్సర్ లేదు, నది లేదు, పర్యావరణం లేదు. "మా వాళ్ళ పని పోతోంది" అని నేరుగానే చెప్పారు. ఆ తర్వాత మన కాలంలో కోటాలు వచ్చాయి. 1974 నుంచి, ఏ దేశం ఎన్ని బట్టలు పంపాలో లెక్క పెట్టి పంచేవాళ్ళు. 2005 జనవరి 1తో ఆ కోటాలు పోయాయి. సుంకాలు కూడా ఒక్కో ఒప్పందంతో తగ్గుతున్నాయి. 2025 జులైలో బ్రిటన్‌తో మనం ఒప్పందం మీద సంతకం పెట్టాం, అందులో మన బట్టల మీద సుంకం తీసేస్తామని ఉంది. నిషేధం పోయింది, కోటా పోయింది, సుంకం తగ్గుతోంది. మిగిలింది ఈ రూల్స్ గేటు. అందుకే ఇప్పుడు అందరి కళ్ళూ దీని మీదే.

అయితే మావయ్య కేసులో ఆ కోపం ఎందుకు పూర్తిగా సరిపోదో చెప్తాను. ఆ రోజు షెడ్డులో కూర్చుని నేను రిపోర్టు తెలుగులో చదివి వినిపిస్తున్నా. క్యాన్సర్ అనే మాట రాగానే మావయ్య తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఎరుపు. పక్కన పొడి కలిపే పెద్దాయన ఉన్నాడు. ఆయన గ్లవ్స్ వేసుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ స్టోల్ జర్మనీలో ఎవరో చలికాలంలో పది సార్లు కట్టుకుంటారేమో. ఈ పొడి మాత్రం వీళ్ళ చేతుల్లో, ముక్కుల్లో రోజూ ఉంటుంది. రేన్ 1895లో చెప్పింది బట్ట కట్టుకున్నవాళ్ళ గురించి కాదు, రంగు పని చేసేవాళ్ళ గురించి. ఆ పొడిలో ఏముందో మావయ్యకి మొదటిసారి చెప్పింది, ఆయన్ని అప్పులపాలు చేసిన ఈ కాగితమే. అమ్మిన షాపు చెప్పలేదు. మనం కూడా చెప్పలేదు.

అంటే రూలు తప్పు కాదు. మరి తప్పు ఎక్కడుంది? నాకు అర్థమైనంత వరకు, రూలు పాటించడం ఒకటి, పాటించామని రుజువు చేయడం ఇంకొకటి. గోడ ఆ రుజువు దగ్గర ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. స్క్రీన్ మీద చూడండి. ఊహకి, ఒక రంగు టెస్ట్‌కి 3,000 రూపాయలు అనుకుందాం. ఒక పెద్ద ఫ్యాక్టరీ, ఒకే డిజైన్, నాలుగు రంగులు, లక్ష చొక్కాలు. నాలుగు టెస్టులకి 12,000. చొక్కాకి 12 పైసలు. ఇప్పుడు పెడనలో ఒక యూనిట్, అవే నాలుగు రంగులు, 200 స్టోల్స్. అదే 12,000. స్టోల్‌కి 60 రూపాయలు. రూలు ఇద్దరికీ ఒకటే, బరువు మాత్రం 500 రెట్లు తేడా. ఇంకా చేతి అద్దకంలో ప్రతి బ్యాచ్‌లో రంగు మళ్ళీ కలుపుతారు కాబట్టి పాత రిపోర్టు కొత్త బ్యాచ్‌కి పనికిరాదు అనొచ్చు బయ్యర్. అంటే చిన్న చిన్న ఆర్డర్లు, రకరకాల రంగులు అనే మన చేతిపని అందమే ఇక్కడ శత్రువు అవుతుంది.

విశాఖ దగ్గర అచ్యుతాపురంలో లోదుస్తులు కుట్టి ఎగుమతి చేసే పెద్ద ఫ్యాక్టరీల సముదాయం ఉంది. ఆ స్థాయిలో నాణ్యత చూడటానికే వేరే టీములు పెట్టుకోవచ్చు, ఏ దేశంలో ఏ రూల్ మారిందో చూడటం ఒకరి ఉద్యోగమే అవుతుంది. మావయ్యకి ఆ ఉద్యోగి ఎవరు? అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మేనల్లుడు. వాడికి కూడా ఏమీ తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. చట్టం ఒకటైతే, బ్రాండ్లు సొంతంగా పెట్టుకున్న ప్రమాణాలు ఇంకోటి. ఓకో టెక్స్ స్టాండర్డ్ 100 అనీ, ఆర్గానిక్ బట్టలకి గాట్స్ అనీ వినే ఉంటారు. చట్టం ప్రకారం అవి తప్పనిసరి కాదు. కానీ బయ్యర్ "అది లేకపోతే ఆర్డర్ లేదు" అంటే, మీకు అది చట్టం కంటే ఎక్కువ. ఒక్కో బయ్యర్ ఒక్కో సర్టిఫికెట్ అడిగితే ఒకే గుడ్డకి మూడు సార్లు టెస్ట్. నా పాత ఉద్యోగం గుర్తొస్తుంది. ఒకే యాప్‌ని నాలుగు క్లయింట్ల నాలుగు చెక్‌లిస్టులతో టెస్ట్ చేసేవాళ్ళం. మాకు నెల జీతం వచ్చేది కాబట్టి విసుక్కుంటూ చేసేవాళ్ళం. మావయ్య ప్రతి చెక్‌లిస్టుకి జేబులోంచి డబ్బు తీయాలి.

మరి ఏ దేశం ఏ రూలైనా ఇష్టం వచ్చినట్టు పెట్టేయొచ్చా? లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో 1995 నుంచి సాంకేతిక అడ్డంకుల మీద ఒక ఒప్పందం ఉంది, టీబీటీ ఒప్పందం అంటారు. ఆరోగ్యం, భద్రత, పర్యావరణం కోసం రూల్స్ పెట్టుకోవచ్చు. కానీ ఆ పనికి అవసరమైనంత కంటే ఎక్కువగా వ్యాపారాన్ని ఆపకూడదు. సొంత కంపెనీకి ఒకటి, బయటివాళ్ళకి ఇంకోటి పెట్టకూడదు. వ్యాపారం మీద బాగా ప్రభావం చూపే కొత్త రూలైతే, అది ఇంకా డ్రాఫ్ట్‌గా ఉండగానే మిగతా దేశాలకి చెప్పాలి. అభిప్రాయాలు చెప్పడానికి మామూలుగా 60 రోజులు ఇవ్వాలి. రూలు ఖాయమయ్యాక అమలుకి మామూలుగా ఆరు నెలలు ఆగాలి. 2023లో అన్ని రకాల సరుకుల మీద కలిపి ఇలాంటి నోటీసులు నాలుగు వేలకు పైగా వచ్చాయి.

నాలుగు వేలు! ఎవరు చదువుతారు? దీనికే ఈపింగ్ అని ఒక ఉచిత సైట్ ఉంది. 2016లో మొదలైంది. ప్రపంచ వాణిజ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి, ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ కలిసి పెట్టాయి. మీ సరుకు ఏదో, మీరు పంపే దేశం ఏదో ఎంచుకుంటే చాలు, కొత్త నోటీసు రాగానే మెయిల్ వస్తుంది. నేను మావయ్య పేరుతో రిజిస్టర్ చేశా, ఐదు నిమిషాలు పట్టింది. మన దేశంలో ఈ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిన కేంద్రాల్లో బీఐఎస్ ఒకటి, అదే బంగారం మీద హాల్‌మార్క్ వేయించే సంస్థ. యూరప్‌లో అయితే సేఫ్టీ గేట్ అనే సైట్‌లో, ప్రమాదకరమని ఆపేసిన వస్తువుల ఫొటోలు, కారణాలు అందరికీ కనిపించేలా పెడతారు. బట్టల సెక్షన్ తెరిచి చూడండి. ఏ దేశం సరుకు ఏ కారణంతో దొరికిందో చదువుతుంటే, మనం చేయకూడని తప్పుల లిస్టు ఫ్రీగా దొరికినట్టే.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ వీడియో ఏకపక్షం అవుతుంది. ఈ గోడ మనమూ కట్టాం. విస్కోస్ నూలుకి ముడిసరుకైన ఫైబర్ విదేశాల నుంచి రావాలంటే ఆ కంపెనీకి బీఐఎస్ లైసెన్స్ ఉండాలని 2023లో మన ప్రభుత్వం క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ అమల్లోకి తెచ్చింది. పాలియెస్టర్ ఫైబర్, నూలు మీద కూడా ఇలాంటివే వచ్చాయి. నాణ్యత కోసం అన్నారు. కానీ చిన్న మిల్లులు, బట్ట కుట్టేవాళ్ళు ముడిసరుకు ఖరీదైపోయిందని, దొరకట్లేదని మొత్తుకున్నారు. ముడిసరుకు ఖరీదైతే ఎగుమతి చేసే చొక్కా ధర పెరుగుతుంది కదా. చివరికి 2025 నవంబరులో ప్రభుత్వం వీటిలో చాలావాటిని వెనక్కి తీసుకుంది. అంటే గోడ ఏ దేశం కట్టినా మొదట తగిలేది చిన్నవాడి నుదుటికే.

సరే, ఏడుపు చాలు. మావయ్య ఇప్పుడు ఏం చేస్తున్నాడో చెప్తాను. ఇది ఎక్కడా పెద్ద స్కీమ్ కాదు, మేమిద్దరం కూర్చుని చేసింది.

మొదటిది, విడి రంగు కొనడం మానేశాడు. సీలు వేసిన ప్యాకెట్, మీద కంపెనీ పేరు, రంగు పేరు, లాట్ నంబరు ఉండాలి. నిషేధించిన అమీన్లు రావని కంపెనీ రాసిచ్చిన కాగితం కూడా అడుగుతున్నాడు. మొదట్లో షాపువాడు నవ్వాడట. ఇప్పుడు తెప్పిస్తున్నాడు.

రెండోది, టెస్ట్ చివర్లో కాదు, మొదట్లో. 1,200 స్టోల్స్ అద్దాక ఫెయిల్ అయితే 1,200 పోతాయి. కొత్త లాట్ రంగు రాగానే జానెడు గుడ్డ మీద అద్ది ల్యాబ్‌కి పంపితే, ఫెయిల్ అయినా పోయేది జానెడు గుడ్డే. సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ చెప్పుకునేదే, బగ్ ఎంత ముందు దొరికితే అంత చవక. ఇంత చిన్న సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ల్యాబ్ అనేది బయ్యర్‌ది అని అందరూ అనుకున్నారు. కేంద్ర జౌళి శాఖ కింద టెక్స్‌టైల్స్ కమిటీ అని ఒక సంస్థ ఉంది, దేశంలో చాలా ఊళ్ళలో దాని ల్యాబులు ఉన్నాయి. చిన్నవాళ్ళు కూడా వెళ్ళొచ్చు.

మూడోది నాకు బాగా నచ్చింది. ఇది మావయ్య ఐడియానే. వీధిలో ఆరు యూనిట్లు కలిసి ఒకే లాట్ ఎరుపు కొంటున్నాయి. ఒక్క టెస్ట్, ఖర్చు ఆరు భాగాలు. ఇందాకటి లెక్క గుర్తుందా? అందులో ఎరుపు టెస్ట్ వంతు స్టోల్‌కి 15 రూపాయలు, అది రెండున్నర రూపాయలకి దిగింది. ఆ ఆరుగురిలో ఇద్దరు పదేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎరుపు కోసం మాట్లాడుకుంటున్నారు.

నాలుగోది నా వంతు. ఫోన్‌లో ఒక షీట్ పెట్టాను. ఏ తేదీన ఏ లాట్ రంగు కలిపారు, ఏ స్టోల్స్‌కి వాడారు, ఒక ఫొటో, ఒక గుడ్డ ముక్క. పొడి కలిపే పెద్దాయన మనవరాలు, ఇంటర్ చదువుతోంది, సాయంత్రం వచ్చి ఎంటర్ చేస్తుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, యూరోపియన్ యూనియన్ 2024లో ఒక కొత్త చట్టం తెచ్చింది. దాని ప్రకారం ముందు ముందు చాలా వస్తువులకి డిజిటల్ ప్రాడక్ట్ పాస్‌పోర్ట్ రాబోతోంది, బట్టలు మొదటి వరుసలో ఉన్నాయి. స్కాన్ చేస్తే ఆ బట్ట దేనితో చేశారో తెలియాలి. పెద్ద కంపెనీలు దానికి కోట్లు పెడతాయి. మన చిన్న యూనిట్లకి ఎవరు చేసిపెడతారు? ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో కోడింగ్ వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కాలేజీ ప్రాజెక్ట్‌కి మళ్ళీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే చేద్దామా, లేక తెలుగులో పనిచేసే ఇలాంటిది ఒకటి చేద్దామా? ఆలోచించండి.

పెద్దాయనకి గ్లవ్స్ కొనిచ్చాం. మొదటి వారం వేసుకోలేదు, చెయ్యి తెలియట్లేదు అన్నాడు. మనవరాలు ఒకరోజు ఆ రిపోర్టు తెలుగులో రాసి షెడ్డు గోడకి అంటించింది. తర్వాత నుంచి వేసుకుంటున్నాడు.

జర్మనీ ఆర్డరు తిరిగి వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. ఆ బయ్యర్ వేరేచోటికి వెళ్ళిపోయాడు. పోయిన నెల ఇంకొక చిన్న ఆర్డరు వచ్చింది, 150 స్టోల్స్. శాంపిల్ ముందే వెళ్ళింది, పాస్ అయింది. మావయ్య ఆ రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. కింద ఒక్కటే మాట రాశాడు: "ఈసారి నేనే చదువుకున్నాను రా."

అంతే ఫ్రెండ్స్ ఈ రోజుకి. మీ ఇంట్లో, మీ ఊళ్ళో నేత పని, రంగు పని, కుట్టు పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. వాళ్ళు ఫోన్ చేసి ఏదైనా కాగితం చదవమంటే విసుక్కోకండి. మీ అనుభవాలు కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే వారం ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.